గొంతు, వాద్యం, మిరాశి: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంత జానపద సంగీతంలో స్త్రీ పాత్ర – ఆఫ్రికా అనుభవంతో తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

జానపద సంగీతంలో స్త్రీ పాత్ర మారిందని చెప్పడానికి వేదికపై కనిపించే స్త్రీల సంఖ్యను ఆధారంగా చూపడం పరిపాటి. ఈ కొలమానం చాలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో ప్రచారంలో ఉన్న ఒగ్గుకథ, శారద కథ, చిందు భాగవతం, డప్పు, బతుకమ్మ పాటలను పరిశీలిస్తే, స్త్రీ గొంతుకు ఏనాడూ పూర్తి నిషేధం లేదని తెలుస్తుంది. నిషేధమంతా వాద్యం చుట్టూ, దానితో సంక్రమించే మిరాశి హక్కు చుట్టూ ఉంది. పశ్చిమ ఆఫ్రికాలోని కోరా, జింబాబ్వేలోని మ్బిరా, రువాండాలోని డోలు సంప్రదాయాలలో స్త్రీలు తెచ్చిన మార్పుతో పోల్చి, తెలంగాణలో వచ్చిన మార్పు ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ ఆగిందో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ఒగ్గుకథ, శారద కథ, చిందు భాగవతం, డప్పు, బతుకమ్మ, వంత, మిరాశి, ఆశ్రిత కులాలు, కోరా, మ్బిరా.

1. ప్రవేశిక:

తెలంగాణ పల్లెలో ఒక చావు జరిగినప్పుడు రెండు రకాల సంగీతం వినిపిస్తుంది. వాకిట్లో శవం చుట్టూ కూర్చున్న స్త్రీలు చనిపోయినవారి గుణగణాలను, తమతో వారికున్న బంధాన్ని వరుసకట్టి రాగయుక్తంగా శోకం తీస్తారు. వాకిటి బయట పురుషులు డప్పు కొడతారు. డప్పుకు దరువు ఉంది, దరువుకు పేరు ఉంది, కొట్టినవారికి ఇంత అని ఇచ్చే ఆచారం ఉంది. శోకానికి రాగం ఉంది, పదబంధాల సంప్రదాయం ఉంది, అప్పటికప్పుడు కల్పించే నేర్పు ఉంది. కానీ దానికి ప్రతిఫలం లేదు. శోకం తీసిన స్త్రీని కళాకారిణి అని ఎవరూ అనరు. ఒకే ఇంటి ముందు, ఒకే గంటలో వినిపించే ఈ రెండింటిలో ఒకటి వృత్తిగా, మరొకటి దుఃఖంగా లెక్కకు వచ్చాయి.

ఈ తేడాకు మూలం స్త్రీ పాడకపోవడంలో లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో నాటు వేసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు, పెండ్లిలో, బతుకమ్మ ఆటలో స్త్రీ గొంతే ప్రధానం. కాబట్టి "స్త్రీలు పాటలోకి ఎప్పుడు వచ్చారు?" అన్న ప్రశ్న ఇక్కడ పనికిరాదు. దాని స్థానంలో మూడు ప్రశ్నలు వేసుకోవాలి. గొంతు ఎవరిది? వాద్యం ఎవరి చేతిలో ఉంది? పాడినందుకు వచ్చే హక్కు, ప్రతిఫలం ఎవరికి చెందుతున్నాయి? లింగపాత్రలలో మార్పును ఈ మూడింటినీ కలిపి చూసినప్పుడే సరిగా అంచనా వేయగలం.

2. వర్గీకరణలోని సమస్య:

తెలుగు జానపద గేయ పరిశోధనకు బిరుదురాజు రామరాజు 'తెలుగు జానపద గేయ సాహిత్యము' (1958) గట్టి పునాది వేసింది. ఆ తరువాత నాయని కృష్ణకుమారి, ఆర్వీయస్ సుందరం వంటి పరిశోధకులు ఈ రంగాన్ని విస్తరింపజేశారు. ఈ కృషి ఫలితంగా లాలిపాటలు, దంపుళ్ల పాటలు, పెండ్లి పాటలు, బతుకమ్మ పాటలు 'స్త్రీల పాటలు'గా విశ్వవిద్యాలయ పాఠ్యాంశాలలోకి వచ్చాయి. ఆ మేలు చిన్నది కాదు.

అయితే 'స్త్రీల పాటలు' అన్న వర్గం పాటను సందర్భాన్ని బట్టి గుర్తిస్తుంది. ఒగ్గుకథ, శారద కథ వంటి వర్గాలు కళారూపాన్ని, ప్రదర్శించే కులాన్ని బట్టి గుర్తిస్తాయి. ఒకదానికి ఇల్లు ఆధారమైంది, మరొకదానికి వృత్తి ఆధారమైంది. ఈ విభజన వల్ల వృత్తి బృందాలలో ఉన్న స్త్రీ రెండు వైపులా జారిపోయింది. ఆమె పాడేది ఇంటి పాట కాదు కనుక 'స్త్రీల పాటలు' కిందికి రాదు. ఆమె ప్రధాన కథకురాలు కాదు కనుక కళారూప వర్ణనలో "ఇరువైపులా వంతలు" అన్న మాట దగ్గర ఆగిపోతుంది.

వెల్చేరు నారాయణరావు 1991లో స్త్రీల రామాయణ పాటలపై ఆంగ్లంలో ప్రచురించిన వ్యాసం ఈ చర్చలో ముఖ్యమైనది. స్త్రీలు పాడే రామాయణం పురుషులు చదివే రామాయణానికి నకలు కాదని, అగ్రవర్ణ స్త్రీల పాటలకు, ఇతర కులాల స్త్రీల పాటలకు మధ్య దృక్పథంలోనే భేదం ఉందని ఆయన చూపారు. ఈ పరిశీలన పాఠానికి సంబంధించినది. ప్రదర్శనకు, వాద్యానికి, ప్రతిఫలానికి సంబంధించిన ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

3. వాద్యం చుట్టూ గీసిన గీత:

3.1. ఒగ్గుకథ: కురుమ, గొల్ల కులాలతో ముడిపడిన ఒగ్గుకథ మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథల గానం. ఒగ్గు అన్న చిన్న డమరుకం, డోలు, తాళాలు దీని వాద్యాలు. సిరిసిల్ల ప్రాంతంలోని హనుమాజీపేటకు చెందిన మిద్దె రాములు (మరణం 2010) ఈ కళకు విశేష ఖ్యాతి తెచ్చినవారు. ఒగ్గుకథలో స్త్రీ పాత్రలకు కొదవ లేదు. ఎల్లమ్మ, మేడలమ్మ, కేతమ్మ వంటి పాత్రలే కథకు ప్రాణం. ఆ పాత్రలను కొంగు తిప్పి, గొంతు మార్చి అభినయించేది మాత్రం పురుషుడు.

ఒగ్గువారు కథకులే కాక పట్నం వేసే పూజారులు కూడా. అందువల్ల స్త్రీకి మైల అన్న కారణం చెప్పి ఆమెను దూరం పెట్టడం సులభమైంది. కానీ ఈ కారణం ఆచారం ముందే నిలవదు. ఎల్లమ్మకు బోనం ఎత్తేది స్త్రీయే. మల్లన్న జాతరలలో శివసత్తులై పూనకంతో ఊగేది, పలికేది ఎక్కువగా స్త్రీలే. అంటే దేవుడి ముందు స్త్రీ దేహానికీ, గొంతుకూ చోటు ఉంది. అయితే పూనకంలో పలికిన మాట దేవుడిదిగా చెల్లుతుంది. కథనంలో పలికిన మాట కథకుడి పాండిత్యంగా చెల్లుతుంది. స్త్రీకి మొదటిది దక్కింది, రెండోది దక్కలేదు.

3.2. శారద కథ, జంగం కథ: తంబుర భుజాన వేసుకొని చెప్పే ఈ కథల్లో స్థితి వేరు. కథకుడికి పక్కన అతని భార్య లేదా కుటుంబ స్త్రీలు చర్మవాద్యం వాయిస్తూ వంత పాడటం పూర్వాచారం. వంత అంటే కేవలం "తందాన" అనడం కాదు. కథకుడు ఊపిరి తీసుకొనే వ్యవధిని నింపాలి, తప్పిన శ్రుతిని అందుకోవాలి, మరచిన ఘట్టాన్ని ప్రశ్న రూపంలో అందించాలి. ఇవన్నీ చేయాలంటే కథ మొత్తం ఆమెకూ కంఠస్థమై ఉండాలి. అయినా తంబుర ఆమె భుజానికి మారలేదు.

3.3. చిందు భాగవతం: మాదిగలకు ఆశ్రితులైన చిందువారి మేళాలలో స్త్రీలు రంగం మీదికి వస్తారు. కోరుట్లకు పొరుగున ఉన్న నిజామాబాద్ జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మ (మరణం 2005) స్త్రీ పాత్రలతోపాటు పురుష పాత్రలనూ ధరించి పేరు పొందింది. కులశ్రేణిలో అట్టడుగున ఉంచిన సమూహంలో స్త్రీకి రంగస్థలం తెరిచి ఉండటం గమనించదగ్గది. కానీ దానిని నిరాటంకమైన స్వేచ్ఛగా భావించలేం. ఇదే ప్రాంతంలో జోగిని దురాచారం ఉండేది. ఎల్లమ్మ పేరిట విడిచిన స్త్రీ జాతరలో అందరి ముందూ ఆడి పాడేది. అందుకు మూల్యంగా ఆమె దేహంపై ఊరి పెద్దలు హక్కు చెలాయించేవారు. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దీనిని చట్టరీత్యా నిషేధించింది. బహిరంగంగా పాడే స్త్రీ పట్ల నేటికీ కనిపించే చులకన భావానికి ఈ చరిత్ర ఒక మూలం.

3.4. డప్పు: డప్పు మాదిగ పురుషుడికి కులం అప్పగించిన వెట్టి. చావుకూ, జాతరకూ, ఊరి చాటింపుకూ అతడే కొట్టాలి. కాబట్టి డప్పు స్త్రీ చేతికి రావడాన్ని లింగ సమానత్వ దృష్టితో మాత్రమే చూస్తే పొరపాటవుతుంది. వెట్టిగా ఉన్నంతకాలం దానిని అందుకోవడం గౌరవం కాదు. 1994లో మొదలైన దండోరా ఉద్యమం డప్పును ఆత్మగౌరవ చిహ్నంగా మార్చింది. ఆ మార్పు తరువాతనే స్త్రీ డప్పు పట్టడానికి కొత్త అర్థం వచ్చింది. తమిళనాడులోని దిండిగల్‌లో 1990లో ఏర్పడిన శక్తి జానపద కళాకేంద్రం దళిత యువతుల చేత పఱై వాయింపజేసి, కుల అవమానాన్ని, లింగ నిషేధాన్ని కలిపి ఎదుర్కొంది.

3.5. బతుకమ్మ: పై రూపాలన్నింటికీ భిన్నంగా బతుకమ్మ పూర్తిగా స్త్రీలది. దాని సంప్రదాయ రూపంలో చప్పట్లు తప్ప వేరే వాద్యం లేదు. వాద్యం అందుబాటులో లేనివారు అరచేతులనే తాళంగా మలచుకొన్నారు. ఇందులో ఒకరు చెప్పి తక్కినవారు అందుకొంటారు. కథకురాలూ, వంతా ఇక్కడ స్త్రీలే. స్త్రీకి కథనశక్తి లేదన్న వాదానికి ఏటా తొమ్మిది రోజులపాటు ప్రతి ఊరూ సమాధానం చెబుతూనే ఉంది.

4. మిరాశి – ఆస్తిగా మారిన వాద్యం:

ఆశ్రిత కులాల వ్యవస్థలో ప్రతి కుటుంబానికీ కొన్ని మిరాశి గ్రామాలు ఉంటాయి. ఆ గ్రామాలలో దాతృకులం ముందు ప్రదర్శన ఇచ్చి, త్యాగం పేరిట ధాన్యం, డబ్బు, బట్టలు పొందే హక్కు ఆ కుటుంబానిదే. సిరిసిల్ల పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని పటం మీద చూపుతూ చెప్పే కూనపులివారు ఇందుకు ఉదాహరణ. అన్నదమ్ములు వేరుపడినప్పుడు పొలంతోపాటు మిరాశి గ్రామాలను కూడా పంచుకొంటారు. వాద్యం, పటం ఆ హక్కుకు సాక్ష్యాలు. కూతురు పెండ్లితో మరో ఇంటికి పోతుంది కనుక ఆమెకు కథ నేర్పితే మిరాశి కూడా ఆమె వెంట పోతుందన్న భయం సహజంగానే ఉండేది. కోడలికి వంత నేర్పడంలో ఆ భయం లేదు. ఆమె నేర్చినది ఇంట్లోనే ఉంటుంది.

మైల, మర్యాద, సిగ్గు అన్న కారణాల వెనుక ఉన్న ఆర్థిక సూత్రం ఇదే. ఆంధ్రప్రదేశ్ చేసిన హిందూ వారసత్వ చట్ట సవరణ 1985 సెప్టెంబరు నుంచి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు కల్పించింది. పొలం గురించి కూతురు కోర్టుకు పోగల కాలం వచ్చింది. మిరాశి పంపకం మాత్రం కులపెద్దల సమక్షంలో, కులాచారం ప్రకారమే సాగింది.

5. ఆఫ్రికా అనుభవం:

ఇలాంటి వ్యవస్థను పశ్చిమ ఆఫ్రికాలో మాండింకా గాయక కులాలలో చూడవచ్చు. గ్రియో లేదా జెలి అని పిలిచే ఈ కుటుంబాలు దాతల వంశచరిత్రను గానం చేసి ప్రతిఫలం పొందేవి. స్త్రీలు గొప్ప గాయనులుగా గుర్తింపు పొందారు. ఇనుప గొట్టాన్ని తాళంగా వాయించేవారు. ఇరవై ఒక్క తంత్రుల కోరా మాత్రం తండ్రి నుంచి కొడుక్కు సంక్రమించేది. శారద కథలోని వంతకూ ఈ ఇనుప తాళానికీ ఉన్న పోలిక స్పష్టం. గాంబియా మూలాలున్న సోనా జొబార్తె ఇలాంటి కుటుంబంలో పుట్టి, తండ్రి వద్ద కోరా అభ్యసించి, 2011లో 'ఫసియా' సంకలనంతో వృత్తి కళాకారిణిగా ప్రపంచానికి పరిచయమైంది. ఆమె అంతటితో ఆగక గాంబియాలో సంగీతాన్ని, ఇతర విద్యను కలిపి బోధించే పాఠశాల స్థాపించింది. వంశంలో నేర్పే విద్యను బడిలో నేర్పడం ద్వారా వారసత్వ నియమాన్నే ఆమె పక్కకు నెట్టింది.

జింబాబ్వేలో పూర్వీకుల ఆత్మలను ఆవాహన చేసే మ్బిరాను స్త్రీలు వాయించడాన్ని షోనా సమాజం సహించేది కాదు. స్టెల్లా చివేషె (1946–2023) 1960లలో దానిని పట్టుదలతో నేర్చుకొంది. తొలి రికార్డును అరువు తెచ్చుకొన్న మ్బిరాతో చేయవలసి వచ్చింది. ఆ ఒక్క వివరం నిషేధం ఎక్కడ పనిచేస్తుందో చెబుతుంది: ఆమె వేళ్లకు విద్య వచ్చింది, చేతికి వాద్యం మాత్రం రాలేదు.

రువాండాలో 'ఇంగోమా' అన్న మాటకు డోలు అనీ, రాజ్యం అనీ రెండర్థాలు. డోలు పురుషుడిది కావడంలో ఆశ్చర్యం లేదు. 1994 నరమేధం తరువాత, 2004లో ఓడిల్ కతెసె చొరవతో 'ఇంగోమా న్ష్యా' అన్న స్త్రీల డోలు బృందం ఏర్పడింది. హతుల కుటుంబాల స్త్రీలు, హంతకుల కుటుంబాల స్త్రీలు ఒకే వరుసలో నిలబడి డోలు కొట్టారు. తెలంగాణలో ఊరి పెత్తనం ఆజ్ఞ డప్పు చాటింపుగానే వెలువడేదన్న విషయం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. వాద్యానికీ అధికారానికీ ఉన్న బంధం రెండు చోట్లా ఒకటే.

తెలంగాణకు పొరుగున ఛత్తీస్‌గఢ్‌లో తీజన్ బాయి పండవానీని కూర్చొని పాడే స్త్రీల పద్ధతిని విడిచి, నిలబడి తంబుర చేతబట్టి అభినయించే కాపాలిక పద్ధతిలో పాడింది. సొంత కులం ఆమెను వెలివేసింది. 2019లో దేశం పద్మవిభూషణ్ ఇచ్చింది. ఈ నాలుగు ఉదాహరణలలోనూ మలుపు గొంతు దగ్గర లేదు, వాద్యం దగ్గర ఉంది.

6. ఉద్యమ వేదిక – సాధించినది, మిగిలినది:

తెలుగు నేలపై వంశపారంపర్య నియమాన్ని మొదట సడలించింది రాజకీయ ఉద్యమాలే. 1940లలో ప్రజానాట్యమండలి జంగం కథను ఆధునిక బుర్రకథగా మలిచింది. మోటూరి ఉదయం నాయకత్వంలో స్త్రీల బుర్రకథ దళం కోస్తా జిల్లాలలో ప్రదర్శనలిచ్చింది. వంత స్థానంలో ఉన్న స్త్రీ అక్కడ ప్రధాన కథకురాలైంది.

ఉత్తర తెలంగాణలో 1978 సెప్టెంబరు 7న జరిగిన జగిత్యాల జైత్రయాత్ర రైతుకూలీల చరిత్రలో ఒక ఘట్టం. అదే ఏడు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ కాలపు విప్లవగీతం కూలి స్త్రీ కష్టాన్ని ఇతివృత్తంగా తీసుకొంది. నాటు పాటల బాణీలను స్వీకరించింది. అయితే స్త్రీ గొంతుతో సాగే ఆ పాటలలో పెక్కింటిని రచించింది పురుష కవులు. గోచి, భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో డప్పు అన్న రూపమే ప్రజాగాయకుడి చిహ్నంగా స్థిరపడింది. బాణీ స్త్రీల నుంచి వచ్చింది, రూపం పురుషుడిదైంది.

అరుణోదయ విమలక్క వంటి గాయనులు ఆ గొంగడిని, గజ్జెలను తామే ధరించి నాయకస్థానంలో నిలబడ్డారు. ఒగ్గు కథకుడు కొంగు కప్పుకొంటే దానిని అభినయ కౌశలమన్న సమాజం, స్త్రీ గొంగడి వేసుకొంటే తెగింపు అంది. ఆ తెగింపుకు మూల్యం ఎంతటిదో 1999 మే నెలలో భువనగిరి ప్రాంత గాయని బెల్లి లలిత దారుణ హత్య చూపింది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ కాలంలో ధూంధాం వేదికలు వందలాది యువతులకు పాట నేర్పాయి. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక తెలంగాణ సాంస్కృతిక సారథి స్త్రీ, పురుష కళాకారులకు జీతం ఇచ్చే ఉద్యోగాన్ని కల్పించింది. మిరాశితో సంబంధం లేకుండా పాటకు ప్రతిఫలం పొందే మార్గం స్త్రీకి ఇలా ఏర్పడింది. కానీ ఆ పాట ఇతివృత్తాన్ని నిర్ణయించే స్వేచ్ఛ జీతంతోపాటు ప్రభుత్వానికి పోయింది.

7. బీడీ చాట, మరమగ్గం, గల్ఫ్:

ఈ మూడు పట్టణాల నేటి జీవితం పాట పరిస్థితులను మార్చింది. జగిత్యాల, కోరుట్ల పల్లెల పురుషులు పెద్ద సంఖ్యలో గల్ఫ్ దేశాలకు పోయారు. సిరిసిల్ల పురుషులు మరమగ్గాల దగ్గర ఉన్నారు. స్త్రీలు ఒడిలో చాట పెట్టుకొని తునికాకు కత్తిరించి బీడీలు చుడుతున్నారు, సిరిసిల్లలో కండెలు చుడుతున్నారు. నాటు పాటకు వంగి లేచే దేహలయ ఆధారం. బీడీ పనికి వేళ్ల వేగం, లెక్క ఆధారం. వెయ్యి బీడీలకు ఇంత అని టేకేదారు కట్టే కూలిలో పాట సాగదీసే తీరిక తక్కువ. అయినా అరుగు మీద నలుగురు కూడి కూర్చునే వీలు ఆ పనిలో ఉంది. ఆ అరుగులే బతుకమ్మ పాటలు తరం నుంచి తరానికి చేరే చోట్లు.

వారసత్వ కళల పరిస్థితి ఇందుకు భిన్నం. కొడుకు దుబాయికో మగ్గానికో పోతే తండ్రి కథ అక్కడే ఆగిపోతుంది. కూతురికి నేర్పవద్దన్న నియమం మిరాశిని కాపాడటానికి పుట్టింది. ఇప్పుడు మిరాశి గ్రామాలలో త్యాగమే సన్నగిల్లింది. కాపాడవలసిన ఆస్తి కరిగిపోయాక కూడా నిషేధం మిగిలి ఉండటం వల్ల నష్టపోతున్నది కళే.

బతుకమ్మ విషయంలో మరొక వైరుధ్యం ఉంది. 2014లో అది రాష్ట్ర పండుగ అయింది. 2017 నుంచి బతుకమ్మ చీరల నేత సిరిసిల్ల మగ్గాలకు పని ఇచ్చింది. పండుగకు గౌరవం పెరిగిన ఈ కాలంలోనే గౌరమ్మ చుట్టూ డీజే పెట్టెలు చేరాయి. చప్పట్లు కొట్టి పాడే స్త్రీలు రికార్డు పాటకు అడుగులు వేసేవారిగా మారుతున్నారు. ఆ రికార్డులో వినిపించేది కూడా స్త్రీ గొంతే. కానీ ఒక్క గాయని గొంతు ఊరంతటికీ సరిపోయినప్పుడు, చెప్పే గొంతూ అందుకొనే గొంతూ రెండూ మౌనం వహిస్తాయి. సంఖ్యను మాత్రమే చూసే విమర్శకు ఇది స్త్రీ సంగీత విజయంగా కనిపిస్తుంది. వాద్యం, హక్కు అన్న ప్రశ్నలు వేస్తే, స్త్రీకి పూర్తిగా చెందిన ఏకైక రూపంలో శబ్దంపై అధికారం డీజే పెట్టె నడిపేవారికి బదిలీ అయిందని తెలుస్తుంది.

8. ముగింపు:

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ణయాలు చేయవచ్చు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంత జానపద సంగీతంలో స్త్రీ గొంతు ఎన్నడూ గైర్హాజరు కాలేదు. ఆమెకు దూరమైనవి కథన నాయకత్వం, వాద్యం, మిరాశి. మైల, మర్యాద అన్న కారణాలు ఈ ఆస్తి నియమానికి కప్పిన ముసుగులు. ఆఫ్రికాలో సోనా జొబార్తె, స్టెల్లా చివేషె, ఇంగోమా న్ష్యా స్త్రీలు వాద్యాన్ని చేతబట్టడం ద్వారా ఆ నియమాన్ని ప్రశ్నించారు. తెలంగాణలో ఉద్యమ వేదిక డప్పునూ గొంగడినీ స్త్రీకి అందించింది. ఒగ్గు, శారద వంటి వంశపారంపర్య కథారూపాలలో మాత్రం ఆ మార్పు ఇంకా లోతుగా దిగలేదు.

పరిశోధకులు చేయవలసిన పని కూడా ఇక్కడే ఉంది. ఒక శారద కథను సేకరించినప్పుడు కథకుడి పేరుతోపాటు వంత పాడిన స్త్రీ పేరు, ఆమె ఎవరి దగ్గర నేర్చుకొన్నది, కథను ఆమె ఒంటరిగా ఎంతవరకు చెప్పగలదు అన్న వివరాలు నమోదు చేయాలి. గుర్తింపు కార్డుకు, పింఛనుకు ప్రధాన కథకుడి పేరే ఆధారమైతే, జీవితమంతా అతని పక్కన నిలబడి పాడిన స్త్రీ అతడు పోయిన మరునాడు కళాకారిణి కాకుండా పోతుంది. కథ మొత్తం ఆమెకు కంఠస్థమై ఉంటుంది. తంబుర ఇంట్లో గూటానికి వేలాడుతూ ఉంటుంది. ఆ తంబురను ఆమె భుజానికి మార్చడంలో కులపెద్దలకే కాక, ఇంతకాలం ఆమెను "వంత" అన్న ఒక్క మాటతో దాటిపోయిన విమర్శకూ బాధ్యత ఉంది.